ఒంటరి వీరుని ఆట: ‘ఐ.జి.ఐ.’పై తరగని మక్కువ

కళాశాల వార్షిక సంచికలో ఒక కంప్యూటరు ఆటను గురించి వ్యాసం వ్రాయటం సబబేనా అని పాలక సంఘం పెద్దలకు సందేహం కలుగవచ్చు. కవులకూ, శాస్త్రజ్ఞులకూ, త్యాగధనులకూ కేటాయించవలసిన పుటలలో తుపాకుల చప్పుడుకు చోటెందుకని వారు ప్రశ్నించవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. అయితే ఒక తరం యువకులు ఒక వస్తువును పాతికేళ్లపాటు మరువక ప్రేమించినప్పుడు, ఆ ప్రేమకు మూలమేమని విచారించటం కూడా విద్యలో ఒక భాగమే. ప్రేమించినవారు మన అన్నలూ, మన బాబాయిలూ, మన భాయీజాన్లూ అయినప్పుడు ఆ విచారణ మరింత అవసరం. ఈ ఉద్దేశంతోనే మేము ఈ విషయాన్ని చేపట్టినాము.

మేము చెప్పబోయేది ‘ప్రాజెక్ట్ ఐ.జి.ఐ.’ అనే ఆటను గురించి. ఇది 2000 సంవత్సరం డిసెంబరులో విడుదలైనది. నార్వే రాజధాని ఓస్లోలోని ఇన్నర్‌లూప్ స్టూడియోస్ అనే చిన్న సంస్థ దీనిని తయారుచేయగా, ఐడాస్ సంస్థ ప్రచురించినది. ఐ.జి.ఐ. అనే మూడక్షరాలకు ‘అయామ్ గోయింగ్ ఇన్’, అనగా ‘నేను లోపలికి వెళుతున్నాను’ అని అర్థం. 2003లో ‘కోవర్ట్ స్ట్రైక్’ అనే పేరుతో దీని రెండవ భాగం వచ్చినది. దానిని కోడ్‌మాస్టర్స్ సంస్థ ప్రచురించినది. అధికారికంగా ఈ వరుసలో వెలువడినవి ఆ రెండే. తరువాత ఆ వరుస ఆగిపోయినది. ఆగిపోనిది అభిమానం. విజయవాడలోనో, గుడివాడలోనో, తెనాలిలోనో, మచిలీపట్నంలోనో నేడు నలభైకి దగ్గరపడుతున్న ఏ ఉద్యోగస్థుణ్ణయినా, వ్యాపారస్థుణ్ణయినా ‘ఐ.జి.ఐ. ఆడారా?’ అని అడిగి చూడండి. ముఖం విప్పారుతుంది. ‘మొదటి మిషన్‌లో రైలు పెట్టెలు...’ అని ఆయనే మొదలుపెడతాడు.

ముందుగా ఈ జాతి ఆటల లక్షణం తెలియనివారికి కొంత వివరణ ఇవ్వటం మా విధి. ఇందులో ఆడేవాని కన్నే వీరుని కన్ను. తెరమీద వీరుని రూపం కనిపించదు. అతని చేతిలోని తుపాకీ మాత్రమే కనిపిస్తుంది. ఆంగ్లంలో దీనిని ‘ఫస్ట్ పర్సన్ షూటర్’ అంటారు. దీనిని కొందరు తొందరపాటుతో ‘ప్రథమ పురుష’ అని అనువదిస్తుంటారు. అది పొరపాటు. ఆంగ్లేయుల మొదటి పురుష మన వ్యాకరణంలో ఉత్తమ పురుష. మన ప్రథమ పురుష వారికి మూడవది. ‘నేను’ అని చెప్పుకొనేది ఉత్తమ పురుషే గనుక దీనిని ‘ఉత్తమ పురుష దృష్టి’ అనటం సరియైనది. ఆటకు ‘నేను లోపలికి వెళుతున్నాను’ అని పేరు పెట్టినవారికి తెలుగు వ్యాకరణం తెలిసి ఉండదు గానీ, ఆ పేరులోనే ఈ లక్షణమంతా ఇమిడి ఉన్నది.

ఈ దృష్టితో వచ్చిన ఆటలలో 1992 నాటి ‘వుల్ఫెన్‌స్టీన్ త్రీడీ’, 1993 డిసెంబరు 10న విడుదలైన ‘డూమ్’, 1998 నవంబరు నాటి ‘హాఫ్ లైఫ్’ ప్రసిద్ధమైనవి. మొదటి రెండూ అమెరికాలోని ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థవి. మూడవది వాల్వ్ సంస్థది. ప్రపంచమంతటా అభిమానులు ఈ మూడింటి పేర్లే ముందు చెబుతారు. మన డెల్టాలో మాత్రం ఐ.జి.ఐ. పేరే ముందు. మన దేశమంతటా ఇంచుమించు ఇదే పరిస్థితి. పుట్టిన ఐరోపాలో విమర్శకుల మిశ్రమ స్పందనతో సరిపెట్టుకొన్న ఆట, ఇక్కడికి వచ్చి ఇలవేల్పు అయినది. ఇది ఎట్లు జరిగినదన్నదే మా ముఖ్య విచారణ.

కథ చిన్నది. డేవిడ్ జోన్స్ అనే మాజీ బ్రిటిష్ సైనికుడు దొంగిలింపబడిన ఒక అణ్వాయుధాన్ని వెదకుతూ శత్రు స్థావరాలలోకి ఒంటరిగా చొరబడతాడు. రేడియోలో ఆన్యా అనే ఆమె అతనికి సూచనలు ఇస్తూ ఉంటుంది. మొత్తం 14 దశలు. మొదటిది రైలు యార్డు. చివరిది బాంబును కనుగొనటం. తోడు ఆడేవారు లేరు, ఎదురు ఆడే మనిషి లేడు. ఉన్నది ఒక్క జోన్స్, చుట్టూ ముళ్ల కంచె, మంచు పట్టిన కొండలు, కావలి గోపురాలు.

ఇన్నర్‌లూప్ వారు అంతకు ముందు 1997లో ‘జాయింట్ స్ట్రైక్ ఫైటర్’ అనే విమాన క్రీడను తయారుచేసినారు. విమానం నుండి చూచేవానికి మైళ్ల దూరం నేల కనిపించాలి గదా! ఆ నేలను చిత్రించే యంత్రాంగాన్నే వారు ఐ.జి.ఐ.లో వాడుకొన్నారు. తక్కిన ఆటలలో వీరుడు ఇరుకైన వసారాలలో, గదులలో తిరుగుతుండగా, ఇందులో కొండమీద నిలుచుండి దూరాన ఉన్న స్థావరమంతా చూడవచ్చు. బైనాక్యులర్ తీసి కావలివారిని లెక్కపెట్టవచ్చు. చేతి కంప్యూటరు తెరచి ఉపగ్రహం నుండి చూచినట్లు పటాన్ని పరిశీలిస్తే, మనుషులు కదలటం కూడా అందులో కనిపిస్తుంది. నిఘా కెమెరాకు చిక్కితే గంట మ్రోగుతుంది. బారకాసుల నుండి సైనికులు పరుగెత్తుకొని వస్తారు. అందువల్ల కాల్చటంకంటే చూడటం ముఖ్యం. ఎక్కడినుండి దిగాలి, ఏ కంచెను దాటాలి, ఎవణ్ణి వదిలిపెట్టాలి అని ముందుగా ఆలోచించుకొన్నవాడే గెలుస్తాడు. మన పల్లెటూళ్లలో గుడి మండపాల బండలపై గీసుకొని ఆడే పులిజూదంలో మేకలు ఎట్లు ఓపికగా పులిని కట్టివేస్తాయో, ఇందులో ఒక్క మనిషి ఒక స్థావరాన్ని అట్లు కట్టివేయాలి.

దోషాలూ ఉన్నవి, వాటిని దాచటం న్యాయం కాదు. శత్రు సైనికులకు తెలివి తక్కువ. పక్కనున్నవాడు కూలినా ఒక్కొక్కప్పుడు రెండవవాడు తన దారిన తాను పచార్లు చేస్తూనే ఉంటాడు. ఒక్కొక్క చోట ఎందరిని కూల్చినా గంట మ్రోగగానే మళ్లీ అంతమంది పుట్టుకొస్తారు. అన్నిటికంటే పెద్ద లోపమని ఆనాటి విమర్శకులు ఎత్తిచూపినది మరొకటి ఉన్నది: దశ మధ్యలో ఆటను భద్రపరచుకొనే వసతి లేదు. ముప్పావు గంట కష్టపడి చివరి గది వాకిట ప్రాణం పోతే, మళ్లీ కొండమీదినుండే మొదలు. రెండవ భాగంలో కొన్నిసార్లు భద్రపరచుకొనే అవకాశం ఇచ్చినారు. పలువురు కలిసి ఆడే సౌకర్యాన్నీ చేర్చినారు. అయినను మనవారి మనసులలో మొదటి భాగానికి ఉన్న స్థానం రెండవదానికి రాలేదని మా అభిప్రాయం.

ఇక విజయవాడ సంగతికి వద్దాము. ఇండ్లలో కంప్యూటరు అరుదుగా ఉన్న రోజులవి. మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అందుబాటులోకి వచ్చినా, బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండ్ 2005లో గానీ మొదలు కాలేదు. ఆ నడుమ పదేళ్లూ నెట్ సెంటర్ల రాజ్యం. గవర్నర్‌పేటలో, పటమటలో, సత్యనారాయణపురంలో, వన్‌టౌన్ సందులలో చెక్క అరలుగా విభజించిన చిన్న గదులలో ఎనిమిదో పదో కంప్యూటర్లు ఉండేవి. గంటకు పదో పదిహేనో రూపాయలు. పేరుకు ఈమెయిలు చూచుకోవటానికి, పరీక్షా ఫలితాలు తీసుకోవటానికి. పిల్లలు వచ్చేది మాత్రం ఆటకు. ఊరినిండా ఇంటర్మీడియట్ రెసిడెన్షియల్ కళాశాలలు గదా! కృష్ణా, గుంటూరు, పశ్చిమ గోదావరి జిల్లాల పల్లెలనుండి వచ్చి హాస్టళ్లలో ఉండే కుర్రవాళ్లకు ఆదివారం దొరికే రెండు మూడు గంటల విడుపే వారమంతటికీ పండుగ. ఆ విడుపులో సగం నెట్ సెంటరులో గడిచేది.

ఇక్కడ ఆటలోని లోపమూ, కేంద్రంలోని నియమమూ ఒకదానితో ఒకటి కలిసి విచిత్రమైన ఫలితాన్ని ఇచ్చినవి. విమర్శకుడు తన ఇంట తన సొంత యంత్రంపై ఆడినాడు. దశ మధ్యలో భద్రపరచుకొనే వీలు లేకపోవటం అతనికి చిరాకు. మన విద్యార్థికి అది చిరాకు కాదు, సవాలు. గంట పూర్తికాగానే యజమాని వచ్చి కుర్చీ వెనుక నిలుచుంటాడు. లోపల జోన్స్ ఇంకా స్థావరంలోనే ఉన్నాడు. జేబులో మరో గంటకు డబ్బు లేదు. ఉన్నా, బస్సు వేళ దాటిపోతుంది. పైగా కరెంటు కోత. ఇన్వర్టరు లేని గదిలో దీపాలు ఆరితే జోన్స్ కూడా ఆరిపోతాడు. అందువల్ల ఒక దశను ఒక్క ఊపున, లెక్కపెట్టిన నిమిషాలలో, పూర్తిచేయటం నేర్చుకోవలసి వచ్చినది. ఏ గోపురంమీద ఎవడు ఉంటాడో, ఏ తలుపు వెనుక ఎందరు కూర్చుంటారో, అన్నీ కంఠస్థం. వారమంతా ఆలోచించుకొని, నోటుపుస్తకం చివరి పుటలో పటం గీసుకొని, ఆదివారం వచ్చి ఆడేవారు. భౌతికశాస్త్రం నోట్సులో చివరి పుట ఎందుకు చింపబడినదో ఆ కాలపు అధ్యాపకులకు ఇప్పుడు తెలిసి ఉంటుంది.

ఇంకొక విశేషం. ఇది ఒక్కరే ఆడే ఆట అని ముందే చెప్పినాము. కాని నెట్ సెంటరులో దానిని ఒక్కరు ఆడేవారు కారు. కుర్చీలో కూర్చున్నది ఒకడు; అతని వెనుక నిలుచున్నవారు ముగ్గురు నలుగురు. డబ్బు అందరూ కలిపి వేసుకొన్నది. ఒకడు ఎడమ చూడమంటాడు, ఒకడు కూర్చోమంటాడు, ఒకడు ‘కెమెరా, కెమెరా!’ అని అరుస్తాడు. ప్రాణం పోగానే చేయి మారుతుంది. తెలుగు మాధ్యమంలో చదివినవాడూ, ఉర్దూ మాధ్యమంలో చదివినవాడూ ఆంగ్లంలో వచ్చే ఆన్యా మాటలను కలిసి అర్థం చేసుకొనేవారు. నేడు ఇంటింటా వేగవంతమైన ఇంటర్నెట్ ఉండి, వందమంది ఒకేసారి కలిసి ఆడే ఆటలు వచ్చిన తర్వాత, ఒక గదిలో ఒక పిల్లవాడు చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకొని కూర్చుంటున్నాడు. ‘ఒంటరి’ అనే మాట ఏ ఆటకు తగునో పాఠకులే నిర్ణయించవచ్చు.

న్యాయంగా చెప్పవలసినది ఒకటున్నది. ఆ కేంద్రాలలో నడిచినవి చాలావరకు డబ్బు చెల్లించి కొన్న ప్రతులు కావు. ముప్పై నలభై రూపాయలకు దొరికే కాపీ సీడీలు. ఓస్లోలో ఆటను తయారుచేసినవారికి మన డెల్టా నుండి చేరిన ప్రతిఫలం దాదాపు ఏమీ లేదనే చెప్పాలి. ఆ సంస్థ 2003లో మూతపడినది. మూతపడటానికి మనవారి కాపీలే కారణమని మేము అనటం లేదు. కాని పాతికేళ్లు ప్రేమించినవారు తాము ప్రేమించిన పనికి కూలి ఇవ్వలేదన్న సంగతి ఆ ప్రేమలో ఒక మచ్చగానే ఉన్నది. పుస్తకాన్ని ప్రేమించి రచయితకు రాయితీ ఎగవేయటం వంటిదిది.

పుస్తకం మాట వచ్చినది గనుక మరొక పోలిక చెప్పవలసి ఉన్నది. ఐ.జి.ఐ.పై మక్కువ మన ప్రాంతానికి కొత్త కాదని మా నిశ్చితాభిప్రాయం. నెట్ సెంటర్లకు ముందు ఇవే సందులలో అద్దె పుస్తకాల కొట్లు ఉండేవి. రోజుకు ఇంత అని పావలాలు ఇచ్చి పాకెట్ నవలలు తెచ్చుకొనేవారు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు సృష్టించిన షాడో, ఆనాటి కుర్రకారుకు ఆరాధ్యులు. షాడో కూడా ఒంటరిగా శత్రు స్థావరాలలోకి చొరబడేవాడే. అద్దె గడువు ముగిసేలోగా పుస్తకం పూర్తిచేయాలి. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే ప్రతిని చదవాలి. పెద్దల కంటపడకుండా పాఠ్యపుస్తకం నడుమ దాచుకోవాలి. తండ్రి షాడోను దాచుకొని చదివితే, కొడుకు జోన్స్‌ను దాచుకొని ఆడినాడు. తండ్రి ఆ సంగతి మరచిపోయి కొడుకును కోప్పడి ఉండవచ్చు.

ఉర్దూ చదివేవారికి ఈ రుచి ఇంకా ముందే తెలుసు. ఇబ్నె సఫీ అనే కలం పేరుతో అస్రార్ అహ్మద్ 1952లో అలహాబాదు నుండి ‘జాసూసీ దునియా’ వరుసనూ, తరువాత 1955లో ‘ఇమ్రాన్ సిరీస్’నూ ఆరంభించినారు. కర్నల్ ఫరీదీ, కెప్టెన్ హమీద్, అలీ ఇమ్రాన్ అనే పేర్లు ఉత్తర హిందూస్థానంలోనే గాక దక్కనులోనూ ఇంటింటి పేర్లయినవి. 1928 జూలై 26న జన్మించిన ఆ రచయిత 1980లో అదే జూలై 26న మరణించినారు. నేటికీ ఆ నవలల పాత ప్రతులకోసం వెదకేవారున్నారు. ఆయన అస్వస్థులై 1960 నుండి 1963 వరకు కలం పట్టలేకపోయిన కాలంలో, ఆయన పేరును పోలిన పేర్లతో నకిలీ జాసూసీ నవలలు సంతలో కుప్పలుగా వచ్చినవి. పాఠకులు ఆ సంగతి ఎరిగీ కొన్నారు. మరేమి చేయగలరు, ఆకలి ఉన్నది.

ఐ.జి.ఐ. విషయంలో అచ్చంగా ఇదే జరిగినది. మూడవ భాగం రాలేదు. అయినను సంతలలో ‘ఐ.జి.ఐ. 3’, ‘ఐ.జి.ఐ. 4’, ‘ఐ.జి.ఐ. 5’ అనే పేర్లతో సీడీలు అమ్ముడుపోయినవి. తెరచి చూస్తే వేరెవరో తయారుచేసిన మరేదో ఆట. పై అట్టమీద మాత్రం ఐ.జి.ఐ. ఈ మోసాన్ని చూచి నవ్వటం తేలిక. మాకు మాత్రం ఇది అభిమానానికి దొరికిన అతి విశ్వసనీయమైన సాక్ష్యంగా తోచుచున్నది. ఎవరూ కోరని వస్తువుకు నకిలీలు పుట్టవు.

2019లో స్వీడన్‌కు చెందిన టోడ్‌మన్ ఇంటరాక్టివ్ సంస్థ ‘ఐ.జి.ఐ. ఆరిజిన్స్’ అనే పేరుతో ఒక కొత్త ఆటను ప్రకటించినప్పుడు పాత అభిమానులు ఎంతో సంబరపడినారు. ఆ ఆట వెలుగు చూడలేదు.

మరి ఈ అభిమానం కేవలం బాల్యస్మృతియేనా? చిన్ననాటి జామకాయకూ, చిన్ననాటి ఆటకూ రుచి ఎక్కువే గదా అని కొట్టివేయవచ్చునా? 2022లో ‘పోకిరి’, ‘జల్సా’, ‘ఖుషి’ వంటి పాత చిత్రాలను మళ్లీ విడుదల చేసినప్పుడు థియేటర్ల ముందు కనిపించిన జనసందోహంలో స్మృతి పాలు చాలా ఉన్నదని మేమూ ఒప్పుకొంటాము. అయితే 1957 నాటి ‘మాయాబజార్’ను 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు, దానిని చిన్ననాడు చూడనివారు కూడా వచ్చి చూచినారు. వస్తువులో బలం లేనిదే అది సాధ్యం కాదు. ఐ.జి.ఐ.లో ఆ బలం ఎక్కడ ఉన్నదని ఆలోచిస్తే మాకు ఒక సమాధానం దొరికినది: ఆ ఆటకు అంతం ఉన్నది. పద్నాలుగవ దశ ముగిసిన తర్వాత ఆడేవాడు లేచి ఇంటికి పోవచ్చు. అది రేపు మళ్లీ రమ్మని కబురు పంపదు. కొత్త దుస్తులు కొనమని అడగదు. నీ స్నేహితుడు నిన్ను మించిపోయినాడని రెచ్చగొట్టదు.

ఈ భేదాన్ని పెద్దలు గమనించవలెనని మా విన్నపం. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం ‘పబ్‌జీ మొబైల్’ను నిషేధించినది. అదే నెలలో మన రాష్ట్ర ప్రభుత్వం డబ్బు పందెంతో కూడిన ఆన్‌లైన్ ఆటలను నిషేధించటానికి చట్ట సవరణను చేపట్టినది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసినది. ఆ చట్టం కూడా పందెపు ఆటలను వేరుగా, తక్కిన ఆటలను వేరుగా చూచినది. కాని ఇండ్లలో ఈ విచక్షణ కనిపించదు. రమ్మీలో అప్పులపాలైనవాడూ, ఆదివారం ఒక పాత ఆట ఆడుకొన్నవాడూ ఒకే గాటన కట్టబడుతున్నారు. ఆటలో మునిగితే రాజ్యమే పోతుందన్న భయానికి సాహిత్యంలో గొప్ప ఆధారం ఉన్నదని మాకు తెలుసు. ప్రేమ్‌చంద్ ‘షత్‌రంజ్ కీ బాజీ’ కథలో ఇద్దరు నవాబులు చదరంగపు బల్ల ముందు కూర్చొని ఉండగా అవధ్ రాజ్యం ఆంగ్లేయుల పాలైనది. అయితే ఆ కథ చదివిన తర్వాత చదరంగాన్ని నిషేధించమని ఎవరూ కోరలేదు. తప్పు బల్లది కాదని చదివినవారందరికీ తెలిసినది.

ఇక మా కళాశాల విద్యార్థులుగా మేము దాటవేయలేని ప్రశ్న ఒకటున్నది. రెండవ ఐ.జి.ఐ.లో కథ రష్యాలో, లిబియాలో, చైనాలో నడుస్తుంది. లిబియా దశలలో మినార్ల నీడలో, ఇసుక గోడల నడుమ జోన్స్ కాల్చే సైనికుల పేర్లు మనలో కొందరి పేర్ల వంటివి. 2003 తర్వాత పాశ్చాత్య దేశాలలో వచ్చిన ఇటువంటి ఆటలలో ఎడారి, తలపాగా, గడ్డం శత్రువుకు గుర్తులుగా స్థిరపడినవి. చెక్ పరిశోధకుడు వీట్ షిస్లర్ 2008లో ప్రచురించిన పరిశోధన వ్యాసంలో, అరబ్బులనూ ముస్లిములనూ ఈ ఆటలు మూసపోసిన శత్రువులుగా చూపటాన్ని వివరంగా చర్చించినాడు. దీనికి బదులుగా అరబ్ దేశాలనుండి కూడా ఆటలు వచ్చినవి. 2001లో డమాస్కస్‌కు చెందిన దార్ అల్ ఫిక్ర్ అనే ప్రచురణ సంస్థ ‘తహ్త అల్ రమాద్’, అనగా ‘బూడిద క్రింద’ అనే ఆటను విడుదల చేసినది. అందులో వీరుడు ఒక పాలస్తీనా యువకుడు. ముఖాలు తారుమారైనవి గాని వ్యాకరణం మాత్రం అదే: ‘నేను’ ఒక్కణ్ణే మనిషిని, ఎదురుగా ఉన్నవాడు గురి.

దీనినిబట్టి ఉత్తమ పురుష దృష్టికి ఒక పరిమితి ఉన్నదని తేలుచున్నది. అది ఒక మనిషి భయాన్నీ, ఓపికనూ లోపలినుండి చూపగలదు. ఎదుటివాని లోపలికి మాత్రం పోలేదు. పేరులో ‘నేను లోపలికి వెళుతున్నాను’ అని ఉన్నా, వెళ్లేది స్థావరంలోకే గాని మనిషిలోకి కాదు. ఆటను ప్రేమించే ముస్లిం విద్యార్థి లిబియా దశ ఆడి, బాగున్నదని ఆనందించి, ఆ వెంటనే ఎందుకో మనసు చివుక్కుమనటాన్ని గమనించినట్లయితే అతడు మంచి పాఠకుడని మేము అంటాము. ప్రేమించిన వస్తువులోని అన్యాయాన్ని చూడగలిగినవాడు ఆ ప్రేమను వదులుకోనక్కరలేదు. షాడో నవలలలో స్త్రీలను చూపిన తీరును గురించి కూడా మన సోదరీమణులు ఇటువంటి మాటే చెప్పగలరు. ఆ విషయం వేరొక వ్యాసానికి తగినది.

చివరగా ఈ అభిమానం ఎదుర్కొంటున్న అసలు ప్రమాదాన్ని గురించి చెప్పాలి. పుస్తకం చెదలు పట్టేదాకా ఉంటుంది. ఆట అట్లు కాదు. సీడీ గీతలు పడుతుంది. కొత్త కంప్యూటర్లకు సీడీ పెట్టే అరయే లేదు. పాత ఆట కొత్త విండోస్‌పై సరిగా నడవదు. తయారుచేసిన సంస్థ లేనప్పుడు సరిచేయవలసినది ఎవరు? దీనికి ప్రపంచంలో రెండు దారులు కనిపిస్తున్నవి. ‘డూమ్’ విషయంలో జాన్ కార్మాక్ 1997 డిసెంబరులో దాని మూలలిపిని బహిరంగపరచినాడు. 1999లో దానిని స్వేచ్ఛా అనుమతి క్రిందికి తెచ్చినారు. అంతటితో ఆ ఆట చావు తప్పించుకొన్నది. అభిమానులు దానిని కొత్త యంత్రాలకు మార్చినారు. కాలిక్యులేటరుపైనా, ముద్రణ యంత్రపు తెరపైనా నడిపించినారు. వేలకొలది కొత్త దశలను తయారుచేసినారు. దాని సృష్టికర్తలలో ఒకడైన జాన్ రొమేరో స్వయంగా 2019లో ‘సిజిల్’ అనే పేరుతో కొత్త దశలు తయారుచేసినాడు. ‘హాఫ్ లైఫ్’ విషయంలో అభిమానులు మొత్తం ఆటను ‘బ్లాక్ మేసా’ అనే పేరుతో కొత్తగా నిర్మించినారు; ఏళ్ల తరబడి శ్రమించి 2020లో పూర్తిచేసినారు. యజమాని సంస్థ అయిన వాల్వ్ దానికి అడ్డు చెప్పకపోగా అమ్ముకొనే అనుమతి కూడా ఇచ్చినది.

ఐ.జి.ఐ.కి ఈ భాగ్యం పట్టలేదు. మూలలిపి బయటికి రాలేదు. హక్కులు చేతులు మారినవి. అయినను అభిమానులు ఊరక కూర్చోలేదు. దశల సమాచారం ఉన్న దస్త్రాలను విప్పి చదివే చిన్న ఉపకరణాలను వారే తయారుచేసుకొన్నారు. కావలివాని చోటు మార్చి, తుపాకీ మార్చి, కొత్త దశలు కట్టుకొంటున్నారు. ఇటువంటి పనిలో భారతదేశపు, పాకిస్తాన్‌పు కుర్రవాళ్లు కూడా ఉన్నారు. నోటుపుస్తకం చివరి పుటలో పటం గీసుకొన్న పిల్లవాడు, పటాన్నే మార్చగల స్థితికి వచ్చినాడన్నమాట. కాపీ సీడీతో మొదలైన బాకీలో కొంతైనా ఇట్లు తీరుతున్నదని మేము భావిస్తున్నాము.

మన కళాశాల కంప్యూటరు ప్రయోగశాలలో మూలకు చేర్చిన పాత యంత్రాలు కొన్ని ఉన్నవి. వాటిని పాత సామానుల వర్తకునికి అమ్మివేయక ఒకదానినైనా పనిచేసే స్థితిలో ఉంచవలసినదిగా పాలక సంఘం వారిని కోరుతున్నాము. ఆడుకోవటానికి కాదు. ‘డూమ్’ మూలలిపి ఉచితంగా లభిస్తున్నది. అది ప్రధానంగా సి భాషలో వ్రాయబడినది. మన ద్వితీయ సంవత్సరపు విద్యార్థులు నేర్చుకొనేది ఆ భాషనే. శత్రువు ఎప్పుడు చూస్తాడు, ఎప్పుడు వింటాడు, ఎటు తిరుగుతాడు అనే నియమాలన్నీ అందులో ‘పి ఎనిమీ’ అనే ఒక్క దస్త్రంలో ఉన్నవి. మొదట దానిని తెరచి చదవవచ్చు.